ఏలూరు తివాచీ: నమూనాలో పాత, కొత్త

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, కొల్లేటికి ఉత్తరాన, తమ్మిలేటి ఒడ్డున ఉన్న ఏలూరు మూడు వందల యాభై ఏళ్ళకు పైగా ఉన్ని తివాచీలకు పేరుపడిన ఊరు. కలంకారీ అనగానే మచిలీపట్నం, బొమ్మలనగానే కొండపల్లి గుర్తుకు వచ్చినట్టే, తివాచీల వర్తకంలో ఏలూరు పేరు లండను దాకా తెలుసు. ఈ తివాచీలో కాలక్రమంలో మారనిది ముడి. తరతరానికీ మారుతూ వచ్చింది నమూనా. పారసీకుల పూలతీగలు, దక్కను పెద్దలు గీయించుకున్న బుటాలు, ఇంగ్లీషు కంపెనీలు పంపిన కాగితాలు, విదేశీ దుకాణాలు కోరిన లేత రంగులు అన్నీ ఒకే రకం మగ్గం మీదికి ఎక్కాయి. నేడు ఏలూరు సంప్రదాయ నమూనా అని చెప్పుకునే ప్రతిదీ ఏదో ఒక కాలంలో ఎవరో కొత్తగా కోరి నేయించుకున్నదే.

రాక

ఉన్ని ముడులతో బొచ్చు లేచేలా నేసే తివాచీ తెలుగు నేలకు సహజమైన నేత కాదు. ఇక్కడి వాతావరణానికి నూలుబట్ట, పడక కింద ఈతచాప, చలికాలానికి గొల్లల గొంగళి సరిపోయేవి. రత్నకంబళి అనే మాట తెలుగులో ఉన్నా, అది రాజుల కొలువుల్లో కనిపించే వస్తువే తప్ప ఇంటింటా పరిచేది కాదు. నేతపనిగా ఇది పారసీక దేశం నుంచి వచ్చింది.

16వ శతాబ్దంలో ఏలూరు ప్రాంతం గజపతుల నుంచి గోలకొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. గోలకొండ సుల్తానులు షియా శాఖకు చెందినవారు. ఇరాన్ సఫవీ రాజులతో వారికి దగ్గర సంబంధాలుండేవి. ఇరాన్ నుంచి పండితులు, వర్తకులు, సైనికులు, చేతిపనివారు గోలకొండ రాజ్యానికి వచ్చి స్థిరపడ్డారు. వారి ఓడలు దిగే రేవు మచిలీపట్నం. 17వ శతాబ్దంలో అక్కడి నుంచి పారసీక సింధుశాఖలోని బందర్ అబ్బాస్‌కు రాకపోకలు సాగేవి. మచిలీపట్నం నుంచి లోపలికి వెళ్ళే దారిలో, రేవుకు సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద పట్టణం ఏలూరు. తివాచీ నేతగాళ్ళు ఇక్కడ నిలవడానికి రేవు దగ్గరగా ఉండడం, పట్టణంలో ముస్లిం అధికారుల కొలువు ఉండడం అనువైన పరిస్థితులు.

ఈ వలసకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఒక ఇంగ్లీషువాడి దినచర్యలో ఉంది. మద్రాసు గవర్నరుగా ఉన్న స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో మచిలీపట్నం, నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం వర్తక కోఠీల తనిఖీకి వచ్చి ఏలూరు చూశాడు. ఇక్కడ పారసీక పద్ధతిలో మేలైన తివాచీలు నేస్తున్నారనీ, నేసేవారు పారసీక సంతతివారనీ, తమ పూర్వులు నూరేళ్ళకు పైబడి కిందటే వచ్చారని వారే చెప్పారనీ రాసుకున్నాడు. అంటే ఆనాటికే నేతగాళ్ళలో మూడు నాలుగు తరాలు ఏలూరులో గడిచాయి.

మాస్టర్ పని తీరును కూడా వివరించాడు. పడుగును చట్రానికి బిగించి కట్టేవారు. ముడులు వేసేది చిన్న పిల్లలు. తివాచీ వెనక ఒక పెద్దవాడు నమూనా గీసిన కాగితం పట్టుకుని నిలబడి, ఏ రంగు పోగు ఎంతమేర వెయ్యాలో చెబుతుంటే పిల్లలు ఆ ప్రకారం నేసేవారు. వరస అయ్యాక పోగుల కొసలను కత్తెరతో సమం చేసి తరవాతి వరసకు వెళ్ళేవారు. నమూనా మొత్తం తెలిసిన మనిషి ఒకరు, ముడి వేసే చేతులు వేరొకరివి అన్న ఈ పని విభజన ఏలూరు తివాచీ చరిత్రను అర్థం చేసుకోవడానికి కీలకం. నేసేవారికి నమూనా కంఠతా రావలసిన అవసరం లేదు. కాగితం మారితే తివాచీ మారిపోతుంది. కొత్త నమూనా వచ్చినప్పుడు మగ్గం, ముడి, పని నేర్చిన చేతులు అవే ఉంటాయి.

మగ్గం, ముడి, లెక్క

తివాచీ మగ్గం నిలువుగా ఉంటుంది. పైన ఒక దూలం, కింద ఒక దూలం. వాటి మధ్య బిగువుగా నూలు పడుగు. నేసేవారు మగ్గానికి ఎదురుగా పక్కపక్కనే కూర్చుంటారు. రెండు పడుగు పోగుల చుట్టూ రంగు ఉన్ని పోగు తిప్పి, ముడి వేసి, కొస కత్తితో కోస్తారు. ఒక వరస ముడులు పూర్తయ్యాక అడ్డంగా పేక పోగు దూర్చి, దువ్వెన లాంటి ఇనుప పనిముట్టుతో కిందికి గట్టిగా కొడతారు. ఆ దెబ్బకు ముడులు ఒకదాని మీద ఒకటి కూర్చుని కొసలు పైకి లేస్తాయి. తివాచీకి మెత్తదనం ఇచ్చే బొచ్చు ఆ కొసలే. పడుగు, పేకలు బొచ్చు కింద దాగి కంటికి కనబడవు గనక, రంగూ రూపమూ అంతా ముడులదే.

ఒక్కో ముడి ఒక చుక్క. తివాచీ మీది పువ్వు, తీగ, ఆకు అన్నీ చుక్కల కూడికలు, వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టినట్టే. గళ్ళ కాగితం వాడుకలోకి వచ్చాక ఈ సంగతి మరింత స్పష్టమైంది: కాగితం మీద ఒక గడి అంటే మగ్గం మీద ఒక ముడి. అంగుళానికి ఎన్ని ముడులు పడతాయన్నదే నమూనా ఎంత సన్నగా ఉండవచ్చో తేలుస్తుంది. అంగుళం పొడవున ఆరు ముడులు మాత్రమే ఉంటే, అంగుళం పూరేకును ఆరు మెట్లలోనే వంచాలి. దాని అంచు వంపు తిరిగినట్టు కాక మెట్లు కట్టినట్టు కనిపిస్తుంది. పన్నెండు ముడులు ఉంటే వంపు నునుపవుతుంది.

దీని వెనక కూలి లెక్క కూడా ఉంది. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు ఉన్న తివాచీ వైశాల్యం 7,776 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 36 ముడులైతే మొత్తం 2,79,936 ముడులు. అంగుళానికి ఇటు పన్నెండు, అటు పన్నెండు చేస్తే చదరపు అంగుళానికి 144 ముడులు, మొత్తం 11,19,744. ఒక మనిషి రోజుకు ఆరువేల ముడులు వేస్తాడనుకుంటే మొదటిది నలభై ఏడు రోజుల్లో, రెండోది నూట ఎనభై ఏడు రోజుల్లో ముగుస్తుంది. నమూనా సన్నం కావడమంటే పని నాలుగింతలు పెరగడం. కొనేవాడు ఆ ధర పెట్టకపోతే నేతగాడు పువ్వును పెద్దది చేసి, తీగను తిన్నన చేసి, వివరాలు తగ్గిస్తాడు. అందువల్ల ముతక తివాచీల్లో రేఖాగణిత రూపాలు, పెద్ద పువ్వులు ఎక్కువగా కనిపిస్తాయి. ముడి, కూలి కలిసి నమూనాను దిద్దిన పద్ధతి ఇది.

నమూనా అవయవాలు, పేర్లు

తివాచీకి రెండు ప్రధాన భాగాలు: మధ్య నేల, చుట్టూ అంచు. అంచులో ఒక వెడల్పాటి పట్టీ, దానికి ఇరువైపులా సన్నని పట్టీలు ఉంటాయి. నేల మీద నమూనాను మూడు విధాలుగా పరుస్తారు. మొదటిది నడుమ పెద్ద పతకం, నాలుగు మూలల్లో దాని పావు ముక్కలు. రెండోది నేలంతా జాలీగా విడదీసి ప్రతి గడిలో ఒక పువ్వు. మూడోది ఒకే బుటా వరసలుగా తిరిగి తిరిగి రావడం. పారసీకుల నుంచి వచ్చిన ఈ చట్రంలోకి మామిడిపిందె, చుట్టుకునే లత, విడిపువ్వు వంటి రూపాలు చేరతాయి. ఇవి దక్కనులో చీరల మీదా, కలంకారీ మీదా అప్పటికే అలవాటైన రూపాలు. మసీదులో వరసగా నిలబడి నమాజు చేసేవారి కోసం మిహ్రాబు (ప్రార్థన దిశను చూపే గూడు) ఆకారాలను పక్కపక్కనే నేసిన పొడుగాటి తివాచీలు దక్కను నేతలో మరో విశేషం. వరంగల్లుకు చెందినవిగా గుర్తించిన అలాంటి తివాచీలు కొన్ని మ్యూజియాల్లో ఉన్నాయి.

ఏలూరు నమూనాల పేర్లు వింటే వాటి చరిత్ర బయటపడుతుంది. రామచంద్రఖానీ, గోపాలరావు, హైదర్, హషీం, మహబూబ్‌ఖానీ, షానవాజ్, నూర్జహాన్, ఢిల్లీ ఖాస్, లాల్‌బాగ్, గాంధీ. పువ్వు పేరో, తీగ పేరో కాక ఎక్కువ నమూనాలకు మనుషుల పేర్లున్నాయి. ఆ నమూనాను గీయించినవారి పేరో, నేయించుకున్న పెద్దల పేరో దానికి నిలిచిపోయింది. రామచంద్ర అన్న పేరుకు ఖానీ అన్న పారసీ తోక తగలడం, హిందూ ముస్లిం పేర్లు ఒకే జాబితాలో కలిసి ఉండడం ఈ నేతకు ఎందరి ఆదరణ దొరికిందో చెబుతాయి. గాంధీ నమూనా చూస్తే ఈ జాబితా ఇరవయ్యో శతాబ్దంలోనూ పెరుగుతూ వచ్చిందని తెలుస్తుంది.

మగ్గం దగ్గర ఈ పేర్లకు మరో ప్రయోజనం ఉంది. రామచంద్రఖానీ అన్న ఒక్క మాటతో నేల ఎలా ఉండాలి, అంచు ఎలా ఉండాలి, ఏ బుటా రావాలి అన్నది తేలిపోతుంది. ఆర్డరు ఇచ్చే వర్తకుడు కొలత, రంగులు చెబితే చాలు. ఒకరి ప్రత్యేక కోరికగా పుట్టిన నమూనా ఇలా ఊరుమ్మడి సరుకైంది. కొత్తది పాతగా మారిన మార్గం ఇదే: మొదట ఒక మనిషి పేరు, తరవాత ఒక రకం పేరు, చివరకు సంప్రదాయం.

రేవు నుంచి లోకానికి

మచిలీపట్నంలో డచ్చివారు 1605–06 నాటికి, ఇంగ్లీషువారు 1611లో కోఠీలు పెట్టారు. వారి ప్రధాన వర్తకం నూలుబట్టలదే అయినా తివాచీలు కూడా ఓడలెక్కాయి. కానుకలుగానూ, వర్తకపు సరుకుగానూ డచ్చి ఓడల్లో దక్కను తివాచీలు జపాను దాకా చేరాయి. కియోటో నగరంలో ఏటా జరిగే గియోన్ ఉత్సవంలో ఊరేగించే రథాలకు అలంకారంగా వేలాడదీసే పాత తివాచీల్లో కొన్నిటిని పరిశోధకులు దక్కను నేతగా గుర్తించారు. గుడి ముందు రథానికి కట్టడానికి అవి నేసినవి కావు. నేలమీద పరిచే వస్తువు అక్కడ దేవుడి ఊరేగింపులో గోడతెర అయింది.

1687లో గోలకొండ మొగలుల వశమైంది. మచిలీపట్నం రేవు ప్రాభవం క్రమంగా మద్రాసుకు తరలింది. 1753లో ఏలూరు సర్కారు ఫ్రెంచివారికి దక్కింది. 1759లో కల్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. 1765 నాటి మొగలు ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందం తరవాత ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీవయ్యాయి. నవాబుల కొలువులు తగ్గే కొద్దీ వారు నేయించే మేలు రకం తివాచీలకు గిరాకీ తగ్గింది. వారి స్థానంలో కొనుగోలుదారుగా వచ్చినవాడు సముద్రాల అవతల ఉన్నాడు. అతడికీ ఏలూరు మగ్గానికీ మధ్య మద్రాసు వర్తక సంస్థ, లండను దుకాణం ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దపు మార్పు

1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో భారతీయ తివాచీలు అక్కడివారి కళ్ళలో పడ్డాయి. వరంగల్లు తివాచీల సన్నని పనిని మెచ్చుకున్నారు. ఇంగ్లండులో మధ్యతరగతి ఇళ్ళలో నేల కప్పే తివాచీలకు గిరాకీ పెరుగుతున్న రోజులవి. కావలసింది నవాబు దివాణంలోని ఒక్క అపురూపమైన తివాచీ కాదు. ఒకే కొలతకు, ఒకే ధరకు, గడువులోపల వచ్చే వందల తివాచీలు. అదే కాలంలో డెల్టాలో ప్రయాణ సౌకర్యాలు మారాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. రెండు డెల్టాల కాలువలు ఏలూరు దగ్గర కలిసి పడవ రవాణాకు దారి దొరికింది. 1890లలో రైలు మార్గం వచ్చింది. సరుకు బయటికి వెళ్ళడం తేలికైంది. బయటి ఆజ్ఞలు లోపలికి రావడమూ తేలికైంది.

ఆ ఆజ్ఞలు ఏం చేశాయో జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో వెలువరించిన 'ద ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా'లో రాశాడు. ఒకప్పుడు భారతదేశంలో మేలైనవిగా ఉన్న మచిలీపట్నం తివాచీలు ఇంగ్లీషు దిగుమతిదారుల చేతిలో పాడయ్యాయని ఆయన ఆరోపణ. వారు చౌక సరుకు వాడమని పట్టుబట్టారు. తివాచీ వెనక పడుగు పేకలకు ఇంగ్లండు నుంచి వచ్చిన పురికొస చేరింది. సంప్రదాయం ఒకచోట తెగాక ఒకదాని వెంట ఒకటి మార్పులు వచ్చాయి. వివరంగా, వైవిధ్యంగా ఉండే పాత నమూనాల స్థానంలో నాసి నమూనాలు వచ్చాయి. మచిలీపట్నం (బందరు) రేవు ద్వారా వెళ్ళే సరుకు మీద పడిన ఈ ఒత్తిడే ఏలూరు నేత మీదా పడింది. బందరును 1864 నవంబరు నాటి ఉప్పెన ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, తివాచీ నేతకు సర్కారు జిల్లాల్లో ప్రధాన కేంద్రంగా ఏలూరే మిగిలింది.

రెండో దెబ్బ రంగులది. లక్క నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం, పసుపుకొమ్ము, దానిమ్మ తొక్కల నుంచి పసుపు వన్నెలు తీసేవారు. ఒక్కో అద్దకంలో వన్నె కొంత తేడాగా రావడం వల్ల పెద్ద నేల కూడా ఒకే పూతగా కాక అలలుగా కనిపించేది. 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ తొలి కృత్రిమ రంగు చేశాడు. 1868లో జర్మను శాస్త్రవేత్తలు మంజిష్ఠలోని ఎరుపును కృత్రిమంగా తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చింది. డబ్బాల్లో వచ్చే రంగులు చౌక, పని సులువు. తొలినాటి అనిలీను రంగులు మాత్రం ఎండకు వెలిసిపోయేవి, నీటికి కారేవి. నమూనా అదే అయినా రంగు మారితే తివాచీ వేరే వస్తువైపోతుంది. ఎరుపు పక్కన నీలం సరిపడే తూకం చెడి, పువ్వు నేలలోంచి విడిగా ఉబికినట్టు కనిపిస్తుంది.

మూడోది జైళ్ళ పోటీ. ఖైదీల చేత తివాచీలు నేయించే పద్ధతి 19వ శతాబ్దంలో దేశమంతటా పెరిగింది. కూలి భారం లేని ఆ సరుకు ముందు, ఇంటి మగ్గాల మీద బతికేవారు ధర తగ్గించక తప్పలేదు. ధర తగ్గాలంటే ముడులు తగ్గాలి. ముడులు తగ్గితే నమూనా ముతక అవుతుంది.

ఈ స్థితిని నమోదు చేయడానికి మద్రాసు ప్రభుత్వం పూనుకుంది. హెన్రీ టి. హారిస్ దక్షిణ భారత తివాచీ నేత మీద రాసిన నివేదిక 1908లో అచ్చయింది. ఏలూరు, మచిలీపట్నం, వాలాజాపేట, అయ్యంపేట వంటి కేంద్రాల పని అందులో ఉంది. పాత నమూనాలను సేకరించి చూపడం, వాటికే తిరిగి వెళ్ళాలని చెప్పడం అప్పటి ఆలోచనా ధోరణి. అంతవరకు నేతగాడి నోటిలోనూ, నలిగిన కాగితాల మీదా ఉన్న నమూనా ఇప్పుడు పుస్తకంలో బొమ్మ అయింది. సంప్రదాయం అనే మాటకు ఒక ప్రమాణం దొరికింది.

వెనక్కి చూసి చేసే కొత్త

పాత నమూనాకు తిరిగి వెళ్ళడం కూడా ఒక కొత్త పోకడే అనడానికి మరో ఖండంలో మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని అరిజోనాలో హోపీ ప్రజల మట్టికుండల పని 19వ శతాబ్దం నాటికి నాసిరకంగా మారింది. మొదటి మేసా (బల్లపరుపు కొండ) మీది హానో గ్రామానికి చెందిన నాంపేయో (సుమారు 1859–1942) అనే హోపీ టేవా కుమ్మరి స్త్రీ, శతాబ్దాల కిందట పాడుపడిన సిక్యాత్కి గ్రామంలో దొరికే పెంకుల మీది పక్షులను, రెక్కలను, వంపు గీతలను చూసి తన కుండల మీద కొత్తగా గీసింది. 1895లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు బయటపడిన పాత్రలు ఆమె పనికి మరింత ఊతమిచ్చాయి. ఆమె నకలు చేయలేదు. పాత రూపాన్ని విడదీసి, తన కుండ వంపుకు తగ్గట్టు కూర్చింది. యాత్రికులు, వర్తకులు కొన్నారు. ఆమె కూతుళ్ళు, మనవరాళ్ళు అదే దారిలో నడిచారు. నేడు హోపీ సంప్రదాయంగా లోకం గుర్తుపట్టే శైలిలో చాలా భాగం అలా వచ్చింది.

ఏలూరుకూ హోపీకీ ఒక తేడా ఉంది. నాంపేయో చేతిలో మట్టీ ఉంది, కుంచే ఉంది; కుండను మలిచే మనిషే బొమ్మను ఊహించింది. అందుకే ఆమె పేరు నిలిచింది. ఏలూరులో కాగితం ఒకరిది, గొంతు ఒకరిది, వేళ్ళు ఇంకొకరివి. నమూనాకు పేరు నేసినవారిది కాదు, నేయించుకున్నవారిది. పాత రూపాలు తిరిగి వచ్చినా అవి నేతగాడి ఎంపికగా కాక ఆర్డరుగానే వచ్చాయి.

స్వాతంత్ర్యం తరవాత

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి చటోపాధ్యాయ నాయకత్వంలో అది దేశంలోని చేతిపనులకు శిక్షణ, నమూనాల సేకరణ, అమ్మకపు మార్గాలు కల్పించే పని చేపట్టింది. రాష్ట్రంలో హస్తకళల సంస్థ లేపాక్షి దుకాణాల ద్వారా ఏలూరు తివాచీలు ఇతర ఊళ్ళ కొనుగోలుదార్లకు కనిపించాయి. అయినా అమ్మకంలో పెద్ద భాగం ఎగుమతిదే. స్థానికంగా ఇంటి నేల మీద ఉన్ని తివాచీ పరిచే అలవాటు డెల్టాలో ఎన్నడూ లేదు. ఉక్కపోతకూ ఉన్నికీ పొత్తు కుదరదు.

ఎగుమతిదారు నమూనాను కొత్త దిక్కుకు తిప్పాడు. గదిలో తెరలకూ సోఫాలకూ రంగు కలవాలన్నది విదేశీ కొనుగోలుదారు కోరిక. ముదురు ఎరుపు, నీలాల స్థానంలో గోధుమ, మీగడ, లేత ఆకుపచ్చ వన్నెలు వచ్చాయి. నేలంతా కిక్కిరిసిన పువ్వుల బదులు ఖాళీ నేల, అంచున ఒక సన్నని పట్టీ, లేదా మూలన ఒక పూగుత్తి ఉన్న నమూనాలు నేశారు. ముడులు తక్కువ పడే ముతక నేతకు ఇవి బాగా సరిపోయాయి. ఉన్ని ఎత్తు, కత్తెర పనితనం ఖాళీ నేలకు అందం తెచ్చాయి. ఒకప్పుడు లోపంగా కనిపించిన ముతకతనం ఇక్కడ గుణమైంది.

పని చేసే చేతుల విషయంలో వచ్చిన మార్పు మరింత పెద్దది. 1679లో మాస్టర్ చూసిన బాలల పనికి చట్టం అడ్డు చెప్పింది. 1938 నాటి బాల కార్మిక చట్టం, 1986 నాటి చట్టం తివాచీ నేతను పిల్లల చేత చేయించకూడని పనుల జాబితాలో చేర్చాయి. 2016 సవరణతో, బడి వేళల తరవాత కుటుంబపు పనిలో సాయం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. పాశ్చాత్య దేశాల కొనుగోలుదార్లు కూడా పిల్లల చేత నేయించలేదన్న హామీ అడగసాగారు. ఇది కావలసిన మార్పు. దానితో ఈ వృత్తి తన పాత ఆర్థిక పునాదిని వదిలి, పెద్దలకు తగిన కూలి ఇచ్చి నిలబడవలసి వచ్చింది. ముడి వేయకుండా గుడ్డలోకి పోగులు గుచ్చి జిగురుతో అతికించే టఫ్టింగు పద్ధతి, యంత్రాల మీద నేసే కృత్రిమ నూలు తివాచీలు అదే సమయంలో ధరను ఇంకా కిందికి దించాయి. ముడి తివాచీకి నెలలు పట్టే చోట అవి రోజుల్లో తయారవుతాయి.

ఏలూరులో ఈ నేత తంగెళ్ళమూడి ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో ప్రధానంగా నిలిచింది. ఎన్నో మగ్గాలు ఆగిపోయాయి. మిగిలినవాటి మీద పాత పేర్ల నమూనాలూ, కొనేవారు పంపే బొమ్మలూ రెండూ నేస్తారు. రెండింటికీ పడుగు ఒకటే, ముడి ఒకటే. గళ్ళ కాగితం మీద రామచంద్రఖానీ అయినా, నేడు వచ్చిన బొమ్మ అయినా ఒక గడికి ఒక ముడే. ఏలూరు తివాచీలో సంప్రదాయం ముడిలో, అంచు కట్టే తీరులో, రంగును లెక్కపెట్టి చెప్పే పద్ధతిలో ఉంది. బుటా ఎప్పటికప్పుడు మారుతూ వచ్చింది. మారుతూ ఉన్నంతకాలమే ఈ నేతకు కొనేవాడు దొరికాడు.